కబురు అందితే విన్నట్టేనా?

వాడి కబీర్ అంటే పెద్ద లోయ అని అర్థం. మస్కట్ నగరంలో రువీకి దగ్గరగా, రాతికొండల మధ్య ఉన్న పేట ఇది. ఒక పక్క ఇళ్లూ ఇండియన్ స్కూలూ, ఇంకో పక్క కార్ల గరాజులూ వెల్డింగ్ షెడ్లూ. తెలుగువాళ్లం రెండు పక్కలా ఉన్నాం. స్కూలు వైపు తెలుగువాళ్లకి సాహిత్య సమావేశాలు, గరాజుల వైపు తెలుగువాళ్లకి ఓవర్‌టైము. ఈ రెండు వైపులవాళ్లూ కలుసుకునే సందర్భాలు కొన్నే. వాటిలో ఒకటి, ఎవరి ఫోనుకో అరబ్బీలో ఒక మెసేజి వచ్చినప్పుడు. "అన్నా, ఇదేంటో కాస్త చూడండి" అని శుక్రవారం పూట పట్టుకొస్తారు. చాలామట్టుకు అవి ఫోను కంపెనీ ప్రకటనలే. ఎప్పుడో ఒకసారి మాత్రం జీతం బాకీ మీద పెట్టిన ఫిర్యాదు గురించో, విచారణ తేదీ గురించో అయివుంటుంది. నాకొచ్చిన కాస్త అరబ్బీతో తేదీ చదివి చెప్పగలను. ఆ తేదీన ఏం మాట్లాడాలో, తన మాట ఎవరైనా పట్టించుకుంటారో లేదో చెప్పలేను.

అలా చదివిపెట్టేవాడిగా నన్నొక ప్రశ్న పట్టుకుంది. కోర్టులు తెర మీదికి వస్తున్న ఈ రోజుల్లో నోటీసు ఫోనుకొస్తుంది, విచారణ ఫోనులో జరుగుతుంది, తీర్పూ ఫోనుకే వస్తుంది. కబురు అందింది సరే, ఆ మనిషి మాట విన్నట్టేనా?

సాహిత్య సంచికలో కోర్టుల గొడవెందుకని కొందరికి అనిపించవచ్చు. నేను లాయర్ని కాను. తీర్పుల్ని కథలు చదివినట్టు చదివే అలవాటున్నవాణ్ణి. ఇందులో మాట్లాడేది ఎవరు, ఎవరి మాట లోపలికి రాలేదు, వచ్చిన మాటకి ఎవరైనా బదులిచ్చారా అని అడగడం విమర్శకుడి పనే కదా. ఆ పని తీర్పుల దగ్గరా చెయ్యవచ్చు.

ముందు మనందరికీ తెలిసిన ఒక విచారణతో మొదలుపెడదాం. భారతం సభాపర్వంలో జూదం అయ్యాక ద్రౌపది వెంటనే సభకి రాలేదు. ముందుగా ఆమె ప్రశ్న వచ్చింది. ఆమెను తీసుకురమ్మని దుర్యోధనుడు ప్రాతికామిని పంపిస్తే, ఆమె అతనిచేతే ఒక సందేహం తిప్పి పంపింది. ధర్మరాజు మొదట పోగొట్టుకున్నది తననా, భార్యనా అని. ఇంతకంటే పదునైన న్యాయప్రశ్న మన సాహిత్యంలో నాకు కనబడలేదు. తాను ఓడిపోయినవాడికి ఇంకొకరిని పందెం కాసే హక్కు ఎక్కడిదన్నది అందులోని సారం. ప్రాతికామి దాన్ని ఉన్నదున్నట్టు సభలో విన్నవించాడు. అంటే కబురు చెక్కుచెదరకుండా చేరింది. ధర్మరాజు పలకలేదు. ఆ అడిగేదేదో ఇక్కడికే వచ్చి అడగమనమన్నాడు దుర్యోధనుడు. తర్వాత ఆమెను ఈడ్చుకొచ్చిన సంగతి తెలిసిందే. అప్పుడు ఎదురుగా నిలబడి అదే ప్రశ్న అడిగింది. ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు భీష్ముడు. వికర్ణుడొక్కడు ఆమె పక్షాన మాట్లాడితే అతని నోరు మూయించారు.

ఈ ఘట్టంలో సభ ద్రౌపదిని రెండుసార్లు ఓడించింది. దూరం నుంచి అడిగినప్పుడు ఒకసారి, ఎదురుగా నిలబడి అడిగినప్పుడు ఒకసారి. మొదటిసారి దూత తప్పు లేదు. రెండోసారి దూరమే లేదు. రెండుసార్లూ లేనిది ఒక్కటే, అడిగినదానికి బదులు చెప్పవలసిన బాధ్యత తమకుందని సభవారు అనుకోవడం. వినడమంటే మాట చెవిన పడటం మాత్రమే అయితే ఆ సభ ద్రౌపదిని బ్రహ్మాండంగా వింది. ఎలక్ట్రానిక్ కోర్టుల గురించి వాదించేవాళ్లు ఇరుపక్కలా దూరం దగ్గరే ఆగిపోతుంటారు. తెర మీద చూస్తే చాలునా, ఎదురుగా ఉండాలా అని. వ్యాసుడికీ నన్నయకీ ఆ ప్రశ్న సగమేనని తెలుసు.

ఇక నిజమైన కోర్టుకి వద్దాం. ఇది ప్రవాసాంధ్రులందరూ తెలుసుకోవలసిన కేసు. భార్యాభర్తల పేర్లతో మనకి పనిలేదు. 1975లో తిరుపతిలో ఒక తెలుగు జంటకి పెళ్లయింది. మూడేళ్లకి విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులకి దావా వేశాడు. భార్య ఇక్కడి నుంచి, ఆ కోర్టుకి తన మీద అధికారం లేదన్న అభ్యంతరంతోనే, జవాబు రాసి పంపింది. విచారణకి వెళ్లలేదు. ఆవిడ లేకుండానే 1980లో ఆ కోర్టు డిక్రీ ఇచ్చేసింది. భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడని ఆవిడ ఇక్కడ కేసు పెట్టింది. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకి చేరింది. 1991 జులైలో జస్టిస్ పి.బి. సావంత్ ధర్మాసనం తరఫున తీర్పు చెప్పారు. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదన్నారు.

తీర్పులో ఎక్కువభాగం ఏ కోర్టుకి అధికారం ఉంటుంది, ఏ చట్టం కింద విడాకులివ్వాలి అన్న చర్చే. లాయర్లు దాన్ని చదివేదీ అందుకే. నన్ను కట్టిపడేసింది మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను మీద రాసిన భాగం. సహజన్యాయానికి విరుద్ధంగా వచ్చిన విదేశీ తీర్పు మన దేశంలో చెల్లదని ఆ సెక్షను అంటుంది. సహజన్యాయమంటే ఏమిటి? నోటీసు అందితే చాలదని కోర్టు చెప్పింది. అవతలి మనిషి తన పక్షం చెప్పుకుని గట్టిగా ఎదుర్కోగల స్థితిలో ఉందా లేదా అన్నది ఆ విదేశీ కోర్టు కనుక్కోవాలి. అవసరమైతే ఆవిడ ప్రయాణం ఖర్చు, అక్కడ ఉండటానికయ్యే ఖర్చు, దావా ఖర్చు దావా వేసినవాడిచేత పెట్టించాలి. అలా చెయ్యకపోతే సహజన్యాయం జరగనట్టేనన్నారు.

విమానం టిక్కెట్టు డబ్బులు లేకపోవడాన్ని న్యాయశాస్త్రంలోకి తెచ్చిన తీర్పు ఇది. హక్కు ఉందని చెప్పి ఊరుకోకుండా ఆ హక్కుని వాడుకోవడానికి ఎంతవుతుంది, ఎవరు పెట్టుకుంటారు అని అడిగింది. ఇంటర్నెట్ మన ఇళ్లలోకి రాకముందే, తర్వాతి కాలానికి పనికొచ్చే కొలబద్ద ఒకటి తిరుపతి పెళ్లి పుణ్యమా అని మనకి దొరికింది. ఆన్‌లైన్ కోర్టుల మీద వస్తున్న రాతల్ని నేను దీంతోనే కొలుస్తుంటాను.

ఆ రాతల్లో బాగా పేరుపడ్డది బ్రిటన్‌కి చెందిన రిచర్డ్ సస్కిండ్ 2019లో వెలువరించిన 'ఆన్‌లైన్ కోర్ట్స్ అండ్ ద ఫ్యూచర్ ఆఫ్ జస్టిస్'. కోర్టంటే ఒక చోటా, లేక ఒక సేవా అన్నది ఆయన మౌలిక ప్రశ్న. సేవే అయితే అందరూ ఒకేచోట, ఒకే వేళకి కూడవలసిన పనేముంది? వాది తన మాట ఇవాళ పంపుతాడు, ప్రతివాది రేపు పంపుతాడు, జడ్జి ఎల్లుండి చదివి తీర్పు రాస్తాడు. ఇది ఊహాగానమేమీ కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియావాళ్ల సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ 2016లో మొదలై, 2017 నుంచి చిన్న మొత్తాల దావాల్ని కూడా చాలామటుకు ఆన్‌లైన్‌లోనే నడుపుతోంది. చైనాలో హాంగ్‌ఝౌ ఇంటర్నెట్ కోర్టు 2017లో వెలిసింది.

సస్కిండ్ వాదనలో బలముంది. కోర్టుల్లో అడుగుపెట్టలేక హక్కు వదులుకునేవాళ్లు కోట్లమంది ఉన్నారని, ఉన్న కోర్టుల్ని ఆదర్శంగా చూపించి కొత్తవాటిని తిట్టకూడదని ఆయన అంటాడు. ఒప్పుకుంటాను. వాయిదా వాయిదాకీ బస్సెక్కి జిల్లా కోర్టుకి పోయి, జడ్జిగారు సెలవని తెలిసి తిరిగొచ్చిన రైతు కూడా ఒప్పుకుంటాడు. కానీ 'చోటా, సేవా' అన్న ఆ విభజనలోనే చిన్న మోసముంది. సేవ అనగానే ప్రజలు ఖాతాదారులైపోతారు. ఖాతాదారుడికి కావలసింది పని తొందరగా, చౌకగా కావడం. కోర్టుకి ఎక్కినవాడికి కావలసింది అంతకంటే ఎక్కువ. తాను ఓడిపోయినా సరే, తన మాట ఎందుకు నిలవలేదో తన మొహాన చెప్పాలి. బ్యాంకు మన దరఖాస్తు కొట్టేసి ఊరుకుంటే విసుక్కుంటాం. కోర్టు అలా చేస్తే అది అన్యాయం. సస్కిండ్ పుస్తకంలో వేగానికీ అందుబాటుకీ దక్కిన చోటు, బదులు పొందే హక్కుకి దక్కలేదనిపించింది నాకు.

మన సుప్రీంకోర్టు ఈ సందిగ్ధంలో ఒకే ఏడాది రెండు వైపులా నడిచింది. జబల్పూరులో భర్త వేసిన విడాకుల కేసుని, పాపతో హైదరాబాదులో ఉంటున్న భార్య తన ఊరికి బదిలీ చెయ్యమని కోరింది. 2017 మార్చిలో జస్టిస్ ఎ.కె. గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ఇలాంటి కేసుల్లో బదిలీకి బదులు వీడియో విచారణ పెట్టుకోవచ్చునన్నారు. ఆరేడు నెలలకే, అక్టోబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇద్దరొకవైపు ఒకరొకవైపుగా దాన్ని తోసిపుచ్చింది. రాజీ ప్రయత్నాలు ముగిశాక, అదీ ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అన్నారు ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా, జస్టిస్ ఖన్విల్కర్. కుటుంబ వివాదంలో గోప్యత పోతుందని, రాజీకి మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలని వాళ్ల భావన. జస్టిస్ చంద్రచూడ్ విభేదించారు. దూరాభారం పడలేని ఆడవాళ్లకి ఈ సౌకర్యం న్యాయానికి దారేనని, దాన్ని చట్టం అడ్డుకోలేదని రాశారు.

రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇద్దరూ ఆవిడ మేలే కోరారు. ఒకరు ఆవిడ ప్రయాణాన్ని చూశారు, ఇంకొకరు ఆవిడ గోప్యతని చూశారు. 1991 తీర్పు అయితే ఇంకొకటి అడిగేది. ఆవిడ ఈ పద్ధతిలో గట్టిగా పోట్లాడగలదా? గదిలో ఆవిడ పక్కన ఎవరున్నారు? తోడు ప్లీడరున్నాడా? అవతలివాళ్లు చూపించే కాగితం ఆవిడ తెర మీద కనబడుతోందా?

ఈ చర్చ సాగుతుండగానే 2020 వచ్చి అందరినీ తెర ముందు కూర్చోబెట్టింది. ఆ ఏప్రిల్ 6న ప్రధాన న్యాయమూర్తి బోబ్డే, జస్టిస్ చంద్రచూడ్, మన తెలుగువారు జస్టిస్ లావు నాగేశ్వరరావు కలిసి కోర్టుల్ని వీడియోకి మార్చే ఆదేశమిచ్చారు. హడావుడిలో ఇచ్చినా అందులో రెండు మంచి మాటలున్నాయి. వీడియో సదుపాయం లేని కక్షిదారులకి కోర్టే ఆ ఏర్పాటు చెయ్యాలన్నది ఒకటి. ఇరుపక్షాలూ ఒప్పుకోకుండా వీడియో మీద సాక్ష్యం నమోదు చెయ్యకూడదన్నది రెండోది. 1991 నాటి విమానం టిక్కెట్టు ఇక్కడ ఇంటర్నెట్ సదుపాయంగా మారిందన్నమాట.

నోటీసు సంగతి మాత్రం అంత బాగా లేదు. 2018లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ ఒక కేసులో వాట్సాప్ నీలం టిక్కుల్ని చూసి నోటీసు అందినట్టే తీసుకున్నారు. ఆ కేసులో అది సబబే. నోటీసు తప్పించుకు తిరుగుతున్న మనిషి ఫోనులో దాన్ని తెరిచి చూశాడు మరి. 2020 జులైలో సుప్రీంకోర్టు కూడా ఈమెయిల్‌తోపాటు వాట్సాప్ వంటివాటిలో నోటీసు పంపడానికి ఒప్పుకుంది. తప్పించుకునేవాణ్ణి పట్టుకోవడానికి వేసిన వల ఇది. అందులో ముందుగా చిక్కుకునేది ఎవరు? గల్ఫ్‌లో ఉద్యోగం పోగానే సిమ్ము పోతుంది. ఊళ్లో కొత్త నంబరు. పాత నంబరుకి వెళ్లిన కబురు ఎవరికి చేరిందో దేవుడికెరుక. ఫోను పిల్లాడి చేతిలో ఉంటే నీలం టిక్కులూ పడతాయి.

ఇది ఎంతదూరం పోగలదో చూడండి. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం మాకు పొరుగునున్న యు.ఏ.ఇ.ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షను కింద చేర్చింది. అప్పట్నుంచి అక్కడి సివిల్ కోర్టు డిక్రీని మన జిల్లా కోర్టు తన సొంత డిక్రీలాగే అమలు చెయ్యవచ్చు. దుబాయిలో తీసుకున్న అప్పు మీద, మనిషి జగిత్యాలకి వచ్చేశాక అక్కడ డిక్రీ పడితే, అది అతని ఇంటి గుమ్మం దాకా రాగలదు. అప్పు తీర్చవలసిందే, అందులో వాదం లేదు. కానీ లెక్క సరిగ్గా ఉందా, కట్టిన వాయిదాలు కలిపారా అని అడిగే అవకాశం అతనికి ఉండాలి కదా. ఆ గుమ్మంలో అతనికి మిగిలే అడ్డుకట్టల్లో 13వ సెక్షను ఒకటి. దాని పక్కన 1991 తీర్పు. అది కుటుంబ వివాదంలో చెప్పిన మాటే అయినా దాని వెనకున్న విలువ అన్ని దావాలకీ పనికొస్తుందని నా నమ్మకం.

తెర కోర్టు ఈ మనిషికి శత్రువని నేననడం లేదు. జీతం బాకీపడి తిరిగొచ్చినవాడికి అదే ఆధారం కావచ్చు. 2020లో లక్షలమంది గల్ఫ్ నుంచి చేతులూపుకుంటూ ఇంటికి చేరారు. రావలసిన జీతాలు అక్కడే ఉండిపోయాయి. ఆ జూన్‌లో వలస కార్మిక సంఘాలు 'జీతాల దొంగతనం' మీద అంతర్జాతీయ ఉద్యమమే మొదలుపెట్టాయి. అంతవరకూ ఉన్న పద్ధతిలో విమానమెక్కితే కేసు పోయినట్టే. నిజామాబాదులో కూర్చుని మస్కట్ విచారణలో మాట్లాడగలిగితే పోదు. కోర్టులు తెరల కోసం పెట్టిన డబ్బు ఇక్కడ సార్థకమవుతుంది. భారత ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ఈ-కోర్టుల మూడో దశకి 7,210 కోట్లు కేటాయించింది. అందులో పైసా అయినా సరిహద్దు దాటిన తెలుగువాడి దావాకి ఉపయోగపడాలంటే రెండు దేశాలూ మాట్లాడుకోవాలి.

చివరికి భాష. ఒమాన్ కోర్టుల భాష అరబ్బీ. అది రానివాళ్ల మాట దుబాసీ ద్వారా వినాలని చట్టంలోనే ఉంది. 2021 నాటి ఇక్కడి మూలశాసనం దావా వేసే హక్కు ప్రజలందరికీ ఉందంటుంది. అబుధాబీ 2019 ఫిబ్రవరిలో లేబర్ కోర్టుల్లో అరబ్బీ, ఇంగ్లీషుల సరసన హిందీని మూడో భాషగా చేర్చింది. ఫిర్యాదు కాగితం హిందీలో దొరకడం చిన్న విషయమేమీ కాదు. అయితే మన కోనసీమ మనిషికి హిందీ కూడా పరాయి లిపే. గదిలో దుబాసీ ఉంటే మన మొహం చూసి, అర్థం కాలేదని గ్రహించి మళ్లీ చెప్తాడు. తెర మీద ఖాళీ గళ్లు నింపమంటే ఆ మొహం చూసేవాడెవరు?

సొంత గడ్డ మీద మాత్రం భాష కలిసిందా? విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రి గారు 'ఆరు సారా కథలు' రాసింది ఈ దుఃఖంతోనే. వాటిలో 'మాయ' కథలో ముత్యాలమ్మ కోర్టూ చట్టమూ ఎలా నడుస్తాయో కొత్త ప్లీడరుకి విప్పి చెప్తుంది. మన సాహిత్యంలో న్యాయవ్యవస్థ మీద వచ్చిన గొప్ప వాదనల్లో అదొకటి. కానీ ఆవిడ చెప్పింది ప్లీడరుకి, జడ్జిగారికి కాదు. కోర్టు రికార్డులోకి ఎక్కని మాటని కథకుడు కథలోకి ఎక్కించాడు. తెలుగు నేల మీద, తెలుగు మనుషుల మధ్య, జడ్జిగారికి నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి మాట కూడా వినబడలేదంటే, దూరం తెర తెచ్చిపెట్టింది కాదనేగా!

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక తల్లి ఆస్తి మీద అన్నదమ్ములు పోట్లాడుకున్న సివిల్ కేసులో తీర్పుని తెలుగులో ఇచ్చారు. హైకోర్టు తీర్పు తెలుగులో రావడం అదే మొదలని అప్పట్లో అంతా చెప్పుకున్నాం. నాకు అందులో భాషాభిమానం కంటే ఎక్కువే కనబడింది. ఓడిన అన్నదమ్ముడు తానెందుకు ఓడిపోయాడో మధ్యవర్తి లేకుండా చదువుకోగలడు. ద్రౌపదికి దక్కనిది అతనికి దక్కింది.

కనక ఎలక్ట్రానిక్ కోర్టుని పొగిడేవాళ్లనీ తిట్టేవాళ్లనీ నేను అడిగేది ఇదే. ఎన్ని కేసులు తేల్చారు, ఎన్ని నోటీసులు పంపారు అన్న లెక్కలు అలా ఉంచండి. ఎవరూ పలకకుండా ఎక్స్‌పార్టీ డిక్రీలు ఎన్ని పడ్డాయో చెప్పండి. ఆ పలకనివాళ్లలో కబురు అసలు అందనివాళ్లెందరు, అంది అర్థం కానివాళ్లెందరు, అర్థమైనా బదులివ్వలేనివాళ్లెందరు? 1991లో కోర్టు విమానం ఖర్చు అడిగింది. ఇవాళ దావా వేసినవాడిచేతనో, ప్రభుత్వంచేతనో దుబాసీ ఖర్చు, తర్జుమా ఖర్చు, తోడు కూర్చునే మనిషి ఖర్చు పెట్టించమని అడగాలి. దావాలో చెప్పుకున్న ప్రతి ముఖ్యమైన మాటకీ తీర్పులో ఒక వాక్యమైనా బదులుండాలని, ఆ వాక్యం అతని భాషలో అతని ఫోనుకే రావాలని అడగాలి. మెసేజి పంపగలిగిన యంత్రానికి అదేం కష్టం కాదు. పంపవలసిన అవసరముందని కోర్టు అనుకోవాలి, అంతే.